గ్యాస్ లేని స్టవ్వు మీద ఉప్మా

మా కాలేజీలో ఉప్మా చెయ్యడానికి రవ్వ అక్కర్లేదు. నీళ్ళు అక్కర్లేదు. స్టవ్వు వెలగాల్సిన పని అసలే లేదు. ఈ విషయం గర్వంగా చెప్పుకుంటున్నాను, ఎందుకంటే అలాంటి ఉప్మా చెయ్యడంలో కాకినాడ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడు. నిజం ఉప్మా సంగతి తర్వాత మాట్లాడుకుందాం.

నేను చదివేది ఆక్యుపేషనల్ థెరపీ. పక్షవాతం వచ్చో, ప్రమాదం జరిగో చెయ్యీ కాలూ మాట వినని మనిషి మళ్ళీ తన పనులు తను చేసుకోగలడా అని పరీక్షించి, చేసుకునేలా తయారుచెయ్యడం మా పని. స్నానం, బట్టలు, వంట, అన్నీ. మా నాన్న దీన్ని చుట్టాల దగ్గర డాక్టరీ అని చెప్తాడు. మా అమ్మ మాత్రం, "ఏదో చేతులకి సంబంధించిందండీ" అని ఊరుకుంటుంది.

వంట పరీక్షించడానికి మాకొక వంటగది కట్టారు. గ్రానైటు గట్టు, మెరిసే సింకు, రెండు బర్నర్ల స్టవ్వు. సిలిండరుకి అనుమతి కావాలన్నారు. అనుమతి రావాలంటే రెండో మెట్ల దారి ఉండాలన్నారు. రెండో మెట్ల దారి ఉండాల్సిన చోట ప్రిన్సిపాల్ గారి ఏసీ గది ఉంది. కాబట్టి సిలిండరు తీసేశారు. కుళాయి తిప్పిన మొదటిరోజే నేల తడిసి ఒక లెక్చరర్ జారిపడ్డాడు. కాబట్టి నీళ్ళు ఆపేశారు. రవ్వకి చీమలు పట్టాయి. ల్యాబులో ప్రాణులుంటే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలని ఎవరో గుర్తుచేశారు. కాబట్టి రవ్వ కూడా పోయింది.

మిగిలింది ఒక ఖాళీ బాణలి, ఒక అట్లకాడ, ఖాళీ డబ్బాలు, మా ప్రిన్సిపాల్ పరాంకుశం గారు.

"మిత్రులారా!" అన్నారాయన ప్రారంభోత్సవంనాడు రిబ్బను కత్తిరిస్తూ. "గ్యాసు లేకపోవడం లోటు కాదు, అవకాశం. ప్రపంచమంతా సిమ్యులేషన్ వైపు పరుగులు తీస్తున్న ఈ చారిత్రక సందర్భంలో, నిజం అనేది అదుపు తప్పిన వేరియబుల్ అని మనవి చేస్తున్నాను. నిజం ఉప్మా ఒకరోజు మాడుతుంది, ఒకరోజు ఉండ కడుతుంది. మన ఉప్మా ఏనాటికీ చెక్కుచెదరదు."

అందరం చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత అందరికీ ఉప్మా పెట్టారు. అది మాత్రం బయట హోటల్ నుంచి వచ్చింది.

వంటగదికి ఇన్‌ఛార్జి సుభాషిణి మేడం. చాలా పద్ధతైన మనిషి. ఖాళీ బాణలిలో అట్లకాడ తిప్పితే చాలదు, రవ్వ వేగుతున్నట్టు ముఖంలో కనపడాలి. పోపులో ఆవాలు చిటపటలాడాలి. అవి ఉండవు కాబట్టి ఆ చప్పుడు మేమే నోటితో చెయ్యాలి. ఓసారి నేను చేసిన చప్పుడు విని, "అవి ఆవాలు కావు త్రినాథ్, పాప్‌కార్న్" అని మార్కులు కోసేశారు. మా క్లాసులో ఒకడు స్టోరుకెళ్ళి రవ్వ అడిగితే, స్టోర్ కీపర్ తలెత్తకుండా, "ఊహించుకునే రవ్వ ఈ వారం కోటా అయిపోయిందమ్మా, సోమవారం రా" అన్నాడు. వాడు బుద్ధిగా సోమవారం వెళ్ళాడు.

ఇక పేషెంటు కావాలి. నిజం పేషెంట్లకి ఇళ్ళల్లో పనులుంటాయి, ఖాళీ బాణలి తిప్పడానికి రారు. కాబట్టి మాలో ఒకరు పేషెంటుగా నటించాలన్నారు. నటించినవాడు రికార్డు రాయక్కర్లేదని తెలియగానే నేను చెయ్యెత్తేశాను.

నాకిచ్చిన పాత్ర ఇది. మెదడు కుడివైపు దెబ్బతిన్న పేషెంటు. ఎడమ చెయ్యి బలహీనం. పైగా ఎడమవైపు ఉన్నవాటిని పట్టించుకోడు. పుస్తకంలో దీని గురించి రెండు పేరాలున్నాయి. మొదటి పేరాలో ఆ పేషెంటు ఎలా ఉంటాడో ఉంది. రెండో పేరాలో అతనికి ఏం చెయ్యాలో ఉంది. నటించేది పేషెంటుగా కదా అని నేను మొదటి పేరాతో ఆపేశాను.

ఆ రోజు నా నటన గురించి నేనే చెప్పుకోకూడదు గానీ చెప్తాను. ఎడమ చెయ్యి తడి తువ్వాలులా వేలాడేశాను. మూతి చెవిదాకా వంకర తిప్పాను. ఉప్పు డబ్బా ఎడమపక్క కళ్ళముందే ఉంటే కుడిపక్క సింకు కింద, అలమారలో, చివరికి సుభాషిణి మేడం హ్యాండ్‌బ్యాగులో వెతికాను. "నా ఉప్పెవడు కొట్టేశాడ్రా!" అని గావుకేక పెట్టాను. లేని పచ్చిమిరపకాయని తరిగి చొక్కా జేబులో వేసుకున్నాను. చివర్లో లేని ఉప్మా ప్లేటులో వడ్డించబోయి గట్టు మీద ఒరిగిపోయాను.

ఎవరో ఒకరు నవ్వి, "ఒరేయ్ వెధవా, ఇక ఆపు" అంటారని చూశాను. నేను చేసిందే అందుకు. ఎవరూ అనలేదు. సుభాషిణి మేడం కళ్ళు తుడుచుకుంటున్నారు. పరాంకుశం గారు లేచి నిలబడ్డారు.

"ఇదీ పక్షవాతమంటే!" అన్నారు. "ఇన్నేళ్ళ సర్వీసులో ఇంత స్పష్టమైన పేషెంటుని నేను చూడలేదు. వీడియో తీశారా?"

తీశారు. అప్పటినుంచి నా ఐడీ కార్డు మీద "స్టాండర్డ్ పేషెంట్" అని స్టిక్కరు పడింది. ఆ వీడియో చూసి మా కాలేజీలో అందరూ పక్షవాతం నేర్చుకున్నారు. వంటగదిలోకి ఎవరొచ్చినా నా వీడియోతో పోల్చి మార్కులెయ్యాలని సర్క్యులర్ వచ్చింది. క్యాంటీన్‌లో జూనియర్లు నన్ను చూసి దండం పెట్టేవాళ్ళు. ఎడమపక్క నుంచి పెట్టిన దండాల్ని నేను పట్టించుకోనట్టు వెళ్ళిపోయేవాణ్ణి.

ఇలా రోజులు హాయిగా గడుస్తుండగా నిజం పేషెంటు వచ్చింది.

ఆవిడ పేరు మంగతాయారు. జగన్నాథపురం నుంచి కోడలు హిమబిందుతో ఆటోలో వచ్చింది. ఏడాది కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి పడిపోయింది. పట్టుబట్టి వ్యాయామాలు చేసి చెయ్యి లేపుకుంది. ఇప్పుడు జడ తనే వేసుకుంటోంది, బట్టలు తనే ఆరేసుకుంటోంది. స్టవ్వు మాత్రం వెలిగించనివ్వడం లేదు. హిమబిందు ఒక బ్యాంకులో క్యాషియరు. పొద్దున్న వెళ్తే సాయంత్రం దాకా అత్తగారు ఇంట్లో ఒక్కర్తే. భయమేసి కోడలు సిలిండరు మీది రెగ్యులేటర్ పీకేసి హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. అప్పటినుంచి ఆ రెగ్యులేటర్ రోజూ బ్యాంకుకి వెళ్ళొస్తోంది.

"పనిచేసేది అదో, నువ్వో నాకర్థం కాదే" అంది మంగతాయారు కోడలితో, కుర్చీలో కూర్చుంటూ. తర్వాత మా వైపు తిరిగింది. "చూడండి మేడంగారూ, పొద్దున్న ఫ్లాస్కులో పోసిన కాఫీ మధ్యాహ్నం మూడింటికి తాగుతున్నానండి. అది కాఫీయాండి? కుడితండి. నా ఇంట్లో నేను గ్లాసుడు పాలు కాచుకోడానికి బ్యాంకోళ్ళ పర్మిషనేంటండీ?"

"అలాగని కాదు మేడం" అంది హిమబిందు. బ్యాగులోంచి రెగ్యులేటర్ తీసి టేబుల్ మీద పెట్టింది. "ఆవిడొక్కరే ఉంటారు. ఏదన్నా అయితే? మీరు పరీక్ష చేసి పరవాలేదంటే ఇదిక్కడే ఆవిడ చేతిలో పెట్టేస్తాను."

నల్లటి ఆ రెగ్యులేటర్‌ని మంగతాయారు ఎలా చూసిందంటే, కొట్లో గాజుపెట్టెలో పెట్టిన నెక్లెస్‌ని కూడా అలా చూడరెవరూ.

సుభాషిణి మేడం ఆవిణ్ణి గట్టు ముందు నిలబెట్టారు. "అమ్మా, ఉప్మా చెయ్యండి."

"దేంతో?"

"మీ ముందున్నవాటితో."

మంగతాయారు బాణలి చూసింది. కుళాయి తిప్పింది. "నీళ్ళు రావట్లేదండి." స్టవ్వు నాబ్ తిప్పి వాసన చూసింది. "గ్యాసూ లేదు." డబ్బా మూత తీసింది. "రవ్వా లేదు. ఏంటండీ, నెలాఖరా?"

"ఉన్నట్టు అనుకోవాలమ్మా."

"అనుకుని?"

"చెయ్యాలి."

"చేసి?"

"వడ్డించాలి."

"ఎవరు తింటారండి?" అంది మంగతాయారు. కోడలు నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఫలితం ఆ మధ్యాహ్నమే వచ్చింది. వీడియోలో పేషెంటు ఉప్పు కోసం అరిచాడు, ఈవిడ అరవలేదు. పేషెంటు మూతి వంకర తిరిగింది, ఈవిడ మూతి తిన్నగా ఉంది. పేషెంటు గట్టు మీద ఒరిగాడు, ఈవిడ ఒరగలేదు సరికదా, లేని వస్తువుల్ని లేవని చెప్పింది. స్టాండర్డుతో పోలిక బొత్తిగా కుదరలేదు.

"ఈవిడది పక్షవాతమని ధ్రువీకరించలేకపోతున్నాం" అన్నారు పరాంకుశం గారు.

"మరి పెద్దాసుపత్రిలో వారంరోజులు పడుకోబెట్టింది దేనికండీ?" అంది హిమబిందు.

"అది ఆసుపత్రి, అమ్మా. అక్కడ స్టాండర్డైజేషన్ ఉండదు."

"పోనీ బాగానే ఉన్నారని రాసెయ్యండి. రెగ్యులేటర్ ఇచ్చేస్తాను."

"అదెలా కుదురుతుంది? బాగుపడ్డారని రాయాలంటే ముందు బాగోలేనట్టు మా దగ్గర నిరూపణ కావాలి. నిరూపితమైన లోపం లేనిదే మెరుగుదల అనే ప్రశ్నే ఉత్పన్నం కాదు. ఫెయిల్ కాకుండా పాస్ చేసే విధానం మన సంస్థలో లేదు."

రెగ్యులేటర్ మళ్ళీ హ్యాండ్‌బ్యాగులోకి వెళ్ళిపోయింది. జిప్పు చప్పుడైంది. మంగతాయారు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

పరాంకుశం గారు మరీ కఠినాత్ముడు కాదు. ఒక మార్గం చూపించారు. "ఆవిడకి పేషెంటుగా తగిన శిక్షణ ఇప్పిద్దాం. మన దగ్గర స్టాండర్డ్ పేషెంట్ ఉన్నాడుగా!"

అలా నేను మంగతాయారుకి పక్షవాతం నేర్పడానికి నియమితుణ్ణయ్యాను.

మొదటిరోజు, "మామ్మగారూ, ఎడమ చెయ్యి కాస్త ఇలా వదిలెయ్యండి" అన్నాను.

"మామ్మేంట్రా? పిన్నీ అను."

"పిన్నిగారూ, చెయ్యి వదిలెయ్యండి."

"ఏడాదిపాటు ఏడ్చుకుంటూ ఈ చెయ్యి లేపుకున్నాన్రా. వేళ్ళు ఒక్కోటీ కదిలినప్పుడల్లా వీధిలో అందరికీ పటికబెల్లం పంచాను. ఇప్పుడు పడెయ్యమంటావా?"

నా దగ్గర చొక్కా జేబులో మిరపకాయ వేసుకునే విద్య ఒక్కటే ఉంది. అదే చేసి చూపించాను. మంగతాయారు చెంపన చెయ్యి పెట్టుకుని చివరిదాకా చూసింది.

"ఎవర్ని చూసి నేర్చుకున్నావురా ఇది?"

"ఎవర్నీ కాదు పిన్నిగారూ. సొంతంగానే."

"అదే అనుకున్నాను. మా వీధి నాటకాల్లో తాగుబోతు వేషం వేసేవాడు, అచ్చం నీలాగే ఊగేవాడు. సర్లే. నా కాఫీ కోసం ఏ గడ్డయినా కరుస్తాను. ఏదీ, మూతి ఎటు తిప్పాలి?"

ఒప్పుకున్నాక ఆవిణ్ణి పట్టడం నావల్ల కాలేదు. పరీక్షనాడు ఉప్పు కోసం ఆవిడ పెట్టిన కేకకి పక్కనున్న ఫార్మసీ కాలేజీ వాళ్ళు పరుగెత్తుకొచ్చారు. ఒరిగిపోయేటప్పుడు గట్టు మీద కాకుండా పరాంకుశం గారి మీద ఒరిగింది. ఘోరంగా ఫెయిలైంది. అందరూ సంతోషించారు. వారం తర్వాత మళ్ళీ పరీక్ష పెట్టారు. ఈసారి లేని రవ్వ కమ్మగా వేయించి, లేని నీళ్ళు పోసి, ఆవాలు నోటితో చిటపటలాడించి, లేని ఉప్మా ప్లేట్లలో పెట్టి అందరికీ అందించింది. సుభాషిణి మేడం లేని ముద్ద నోట్లో పెట్టుకుని, "ఉప్పు సరిపోయింది" అన్నారు. డిస్టింక్షన్ వచ్చింది. శాలువా కప్పి ఫోటో తీశారు. ఫోటోలో పరాంకుశం గారికీ ఆవిడకీ మధ్య నేనున్నాను.

హిమబిందు మాట మీద నిలబడింది. రెగ్యులేటర్ తీసి అత్తగారి చేతిలో పెట్టింది.

"సాయంత్రం ఇంటికి రారా త్రినాథా" అంది మంగతాయారు. "నిజం కాఫీ ఇస్తాను. అసలు కాఫీ రుచి మర్చిపోయుంటావు ఈ కాలేజీలో."

వెళ్ళాను. గట్టు మీద రెండు బర్నర్ల స్టవ్వు, అచ్చం మా కాలేజీలోదే. కాకపోతే దీనికి మంట వస్తోంది. హిమబిందు ఎడమ బర్నర్ మీద పాలగిన్నె పెట్టి, "అత్తయ్యగారూ, తోడుకి పాలు పెట్టాను, చూసుకోండి" అని ముందుగదిలోకి వచ్చి కూర్చుంది. "ఊఁ" అంది మంగతాయారు. కుడి బర్నర్ మీద కాఫీ కలిపింది. కుడి నాబ్ కట్టేసింది. రెండు చేతులా పళ్ళెం పట్టుకుని, ఒక్క చుక్క తొణక్కుండా మా దగ్గరికి తెచ్చింది. అప్పుడు నేను చప్పట్లు కొట్టాను కూడా.

కాఫీ అద్భుతంగా ఉంది. కబుర్లలో పడ్డాం. కాసేపటికి ఏదో వాసన వచ్చింది. మా వంటగదిలో ఎప్పుడూ ఏ వాసనా రాదు కాబట్టి, అదేమిటో అర్థం కావడానికి నాకు టైం పట్టింది. నాకన్నా ముందు హిమబిందు లేచి పరుగెత్తింది.

పాలు పొంగి మంట ఆరిపోయింది. గ్యాసు మాత్రం బుస్సుమని వస్తోంది. మూడేళ్ళుగా వంటగదులు చదువుతున్న నేను ఆవిణ్ణి దాటుకెళ్ళి నాబ్ పట్టుకున్నాను. నాబ్ ఎటు తిప్పితే ఆగుతుందో నాకు తెలియదు. మా దగ్గర ఎటు తిప్పినా ఒకటే. హిమబిందు నన్ను పక్కకి తోసి నాబ్ కట్టేసింది, కిటికీలు తెరిచింది.

"కట్టేశానే..." అంది మంగతాయారు గుమ్మంలో నిలబడి. కుడి నాబ్ వైపు చూపించింది. "కట్టేశాను. చూడవే, కట్టేసే ఉంది."

"ఇటు, అత్తయ్యగారూ. ఇటు."

ఆవిడ అటు చూడలేదు. హిమబిందు అత్తగారి గడ్డం పట్టుకుని తల తిప్పింది. అప్పుడు చూసింది, పాలు పొంగిన గిన్నెని, గట్టు మీద నురగని. అవి అప్పుడే అక్కడికి వచ్చినట్టు చూసింది.

నేను ఎడమవైపు చూడకుండా నటించినప్పుడు, అక్కడ ఉప్పు డబ్బా ఉందని నాకు తెలుసు. తెలిసి చూడలేదు. ఆవిడకి అటొక పక్క ఉందనే తోచలేదు. అరుపుల్లేవు, మూతి తిన్నగానే ఉంది, ఒక్క చుక్క తొణకలేదు. మూడు పరీక్షల్లోనూ మేమంతా చుట్టూ నిలబడి చూసింది ఆవిడ మూతినే.

హిమబిందు వంగి రెగ్యులేటర్ మీద చెయ్యి వేసింది. కోడలి కళ్ళల్లో నీళ్ళున్నాయి. మంగతాయారు అడ్డుపడలేదు, వెటకారం చెయ్యలేదు. ముందుగదిలో ఫ్లాస్కు ఎక్కడుందా అన్నట్టు చూసింది.

"అక్కా, ఒక్క నిమిషం" అన్నాను.

ఫోను తీసి, అక్కడే నిలబడి అందులో ఉన్న మా పుస్తకంలో ఆ రెండో పేరా చదివాను. చాలా చిన్న పేరా. అలాంటి మనిషికి ఎడమ అంచున కొట్టొచ్చినట్టు కనపడే రంగు గుర్తు పెట్టాలట. ఏ పనైనా ముగించే ముందు ఆ గుర్తు దొరికేదాకా తల తిప్పడం అలవాటు చెయ్యాలట.

"ఇంట్లో ఎర్రటిదేదన్నా ఉందా?"

హిమబిందు అద్దం దగ్గరికెళ్ళి బొట్టుబిళ్ళల అట్ట తెచ్చింది. పెద్దవి, కుంకుమ రంగువి. స్టవ్వు ఎడమ అంచు పొడుగునా, ఎడమ నాబ్ పక్కన, అట్టంతా ఖాళీ అయ్యేదాకా అంటించాం. స్టవ్వు పెళ్ళికూతురిలా తయారైంది.

"వంటింట్లోంచి కదిలే ముందు బొట్టు కనపడాలి పిన్నిగారూ. కనపడకపోతే కదలకూడదు."

మొదటిసారి కనపడలేదు. రెండోసారీ కనపడలేదు. మూడోసారి, "బొట్టేదే, బొట్టేదే" అని గొణుక్కుంటూ మెడ తిప్పింది, ఇంకా తిప్పింది, టక్కున ఆగి నాబ్ మీద చెయ్యి వేసింది. ఆ తర్వాత రోజూ సాయంత్రం వెళ్ళాను. హిమబిందు గుమ్మంలో నిలబడి చూసేది. ముందు చేతులు కట్టుకుని, తర్వాత ఫోన్ చూసుకుంటూ, చివరికి ముందుగదిలోనే కూర్చుని. ఓ రోజు ఆవిడ బ్యాంకుకి బయల్దేరుతుంటే మంగతాయారు, "బ్యాగులో ఏం తీసుకెళ్తున్నావే?" అంది. "నా క్యారేజీయేనండీ" అంది హిమబిందు. రెగ్యులేటర్ సిలిండరు మీదే ఉంది.

ఆ ఆనందంలో మంగతాయారు నా చేత నిజం ఉప్మా చేయించింది. ఫలితం చెప్పను. తిని మాత్రం, "నీ పెళ్ళాం వచ్చాక ఆ పిల్ల కూడా రెగ్యులేటర్ బ్యాగులో పెట్టుకుపోవాల్రా" అంది.

జరిగిందంతా కాలేజీలో చెప్పాను. పరాంకుశం గారు శ్రద్ధగా విన్నారు. కమిటీ వేశారు. కమిటీ బొట్టుబిళ్ళకి "రక్తవర్ణ వృత్తాకార దృశ్య సూచిక" అని పేరు పెట్టి, వంటగదిలో తక్షణం ప్రవేశపెట్టాలని తీర్మానించింది. అయితే నిజం బొట్టుబిళ్ళ అంటిస్తే జిగురు ఊడే ప్రమాదం ఉంది, అది అదుపు తప్పిన వేరియబుల్. కాబట్టి దాన్ని కూడా ఊహించుకోవాలన్నారు.

కొత్త బ్యాచ్ వచ్చాక స్టాండర్డ్ పేషెంట్‌గా మళ్ళీ నన్ను పిలిచారు. వంటగది నిండిపోయింది. ఈసారి మంగతాయారులా చేశాను. మూతి తిప్పలేదు, చెయ్యి వేలాడెయ్యలేదు. నెమ్మదిగా లేని ఉప్మా చేశాను. ఎడమ బర్నర్ మీద లేని పాలు పెట్టాను. కుడి నాబ్ కట్టేసి, ప్లేటు తొణక్కుండా పట్టుకుని వచ్చేశాను.

గదిలో ఆవలింతలు వినపడ్డాయి.

"ఏమైంది త్రినాథ్?" అన్నారు సుభాషిణి మేడం దిగులుగా. "ఇందులో లోపమేదీ? ఫుల్ మార్కులు వెయ్యాల్సొస్తోంది."

"నటనలో స్థాయి పడిపోయింది" అన్నారు పరాంకుశం గారు. నా ఐడీ కార్డు మీది స్టిక్కరు పీకించారు. రేపట్నుంచి రికార్డు రాసుకోమన్నారు.

అందరూ టీకి వెళ్ళిపోయారు. స్టవ్వు మీద ఎడమ నాబ్ తెరిచే ఉంది. అంతమంది ప్రొఫెసర్లలో, అన్ని కళ్ళజోళ్ళలో ఒక్కరికీ కనపడలేదు. గ్యాసు లేదు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు.

నేను వెనక్కెళ్ళి కట్టేశాను. ఎటు తిప్పాలో ఇప్పుడు నాకు తెలుసు.